నాన్నమ్మకీ మనవరాలికీ ఒకే కేకు

  శీతాకాలం సంచిక కాబట్టి ఈసారి ఫ్రూట్ కేక్ సంగతి చూద్దాం. అయితే ఇది మామూలు ఫ్రూట్ కేక్ కాదు. ఇందులో మైదా లేదు, గోధుమ లేదు, చక్కెర లేదు. ఎండు పళ్ళు కూడా పేరుకి నాలుగు గింజలే. “ఇవన్నీ తీసేస్తే ఇంక మిగిలేదేమిటి, టిన్నేనా?” అని మా ఆవిడ అడిగింది. మిగిలేది చాలానే ఉంది. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

ముందు ఈ కేకు కథ కొంచెం

ఈ దేశంలో అడ్వెంట్ మొదలవడానికి ముందు వచ్చే ఆదివారాన్ని ‘స్టిరప్ సండే’ అంటారు. ఆ రోజు క్రిస్మస్ పుడ్డింగు కలుపుతారు. ఇంటిల్లిపాదీ తలా ఒకసారి గరిటె తిప్పి మనసులో ఏదో ఒకటి కోరుకోవడం ఆనవాయితీ. పనిలో పనిగా చాలా ఇళ్ళల్లో కేకు కూడా అప్పుడే చేసి దాచుకుంటారు. స్కాట్లండ్ వాళ్ళ డండీ కేకు, ఈస్టరుకి చేసే సిమ్నెల్ కేకు, పెళ్ళిళ్ళలో అంతస్తులుగా కట్టే కేకు, అన్నీ ఈ వంశానివే.

గుంటూరులోనో విజయవాడలోనో సికింద్రాబాదులోనో పెరిగిన మనకి మాత్రం ఇది ప్లమ్ కేక్. క్రిస్మస్ నాడు పక్కింటి ఆంటీ స్టీలు ప్లేటులో సర్ది, పైన చేతిరుమాలు కప్పి పంపించేది. పేరులో ప్లమ్ ఉంది కానీ లోపల ప్లమ్ పండు ఉండదు. పూర్వం ఇంగ్లీషులో ఎండుద్రాక్షని కూడా ప్లమ్ అనేవారు. ఇక మన బేకరీ కేకుల్లో ఎర్రగా పచ్చగా మెరిసే టూటీ ఫ్రూటీ అయితే అచ్చంగా పచ్చి బొప్పాయే. ముక్కలకి పాకం పట్టించి రంగు వేస్తారు. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకుని 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు అనే బేకరీ యజమాని చేశాడని చెప్పుకుంటారు. అంటే మనకీ ఈ కేకుకీ చుట్టరికం పాతదే.

ఒక ఇల్లు, రెండు పథ్యాలు

ఈ ఏడాది మా అమ్మ శీతాకాలమంతా మా దగ్గరే ఉంటోంది. ఆవిడకి పదిహేనేళ్ళుగా షుగర్. పదేళ్ళ మా అమ్మాయికి రెండేళ్ళ క్రితం సీలియాక్ అని తేలింది. మొన్న ముగ్గురం సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాం. మా అమ్మ ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసి ఉన్న ఫ్రూట్ కేక్ పెట్టె తీసి, మనవరాలి చేతిలో పెట్టింది.

“గ్లూటెన్ లేదంటే షుగర్ వాళ్ళు కూడా తినొచ్చనేగా, బంగారం?”

పిల్ల పెట్టె వెనక్కి తిప్పి చదివింది. “వంద గ్రాములకి అరవై గ్రాముల కార్బోహైడ్రేట్ నాన్నమ్మా. ఇది నాకు పరవాలేదు, నీకు కాదు.”

పక్క అరలో ‘తక్కువ కార్బ్’ అని రాసిన రొట్టె ఉంది. దాన్నీ తిప్పి చూసింది. “ఇందులో గోధుమ గ్లూటెన్ కలిపారు. ఇది నీకు పరవాలేదు, నాకు కాదు.”

“సరిపోయింది. నీ కేకు నువ్వు తిను, నా మాత్ర నేను మింగుతా” అంది మా అమ్మ.

నవ్వుకున్నాం కానీ, ఇందులో నవ్వులాటకి మించిన సంగతి ఉంది. మా అమ్మ తన కంచంలోంచి ముద్ద తీసి పిల్ల నోట్లో పెట్టే మనిషి. ఈ రోగం పేరు విన్న దగ్గర్నుంచీ ఆ చెయ్యి ఆగిపోయింది. తన కంచంలో చపాతీ ఉందేమో, ఆ తునక పిల్లకి అంటుకుంటుందేమో అని భయం. పిల్లకేమో పుట్టినరోజు పార్టీల్లో అందరూ కేకు తింటుంటే తన డబ్బా తను విప్పుకోవడం అలవాటైపోయింది. ఇద్దరూ ఒకే ప్లేటులోంచి తీసుకుని తినగలిగేది ఒక్కటైనా ఉండాలి కదా అన్నదే ఈ కేకుకి మూలం.

మన సంఘం కార్యక్రమాల్లో కూడా ఈ రెండు మాటల్నీ ఒకటిగా అనుకునేవాళ్ళని చూస్తుంటాను. గ్లూటెన్ లేకపోవడం వేరు, పిండిపదార్థాలు తక్కువ ఉండటం వేరు. ఒకటి ఒకరిని కాపాడుతుంది, రెండోవాళ్ళని దెబ్బతీయగలదు. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే ఈ వ్యాసం చదివినందుకు ఫలితం దక్కినట్టే.

గ్లూటెన్ కథ

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్ల సముదాయం గ్లూటెన్. సీలియాక్ ఉన్నవాళ్ళ ఒంట్లో గ్లూటెన్ చేరితే, వాళ్ళ రోగనిరోధక వ్యవస్థ పొరపడి సొంత చిన్నపేగుల మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడకి సన్నటి వేళ్ళలాంటి నూగు ఉంటుంది. తిన్న ఆహారంలోని సారాన్ని పీల్చుకునేది అదే. ఆ నూగు అరిగిపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. బ్రిటన్‌లో దాదాపు వందమందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. మన దేశంలో గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో బాగా కనిపిస్తుంది, దక్షిణాదిలో తక్కువ. అందుకే మన బంధువుల్లో చాలామందికి ఈ పేరే కొత్త. “చిన్న ముక్కేగా, ఏమవుతుందిలే” అని ప్రేమగా పెట్టేస్తారు. ఏమవుతుందంటే, అయ్యేది లోపల అవుతుంది, బయటికి కనపడదు. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం. ఇక్కడా యూరప్‌లోనూ ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకి మించకూడదు. చిన్న ముక్క ఎంత పెద్దదో దీన్నిబట్టి ఊహించుకోండి.

మన వంటల్లో ఇడ్లీ, దోసె, పెసరట్టు, పులిహోర సహజంగానే గ్లూటెన్ లేనివి. కానీ పులిహోరలో వేసే పొడి ఇంగువలో చాలా కంపెనీలు గోధుమపిండి కలుపుతాయి. డబ్బా మీద చదివి కొనండి. ఉప్మారవ్వ, సేమ్యా అయితే సాక్షాత్తూ గోధుమే. ఇంకో ముఖ్యమైన మాట. ఇంట్లో ఎవరికైనా సీలియాక్ అనుమానం ఉంటే రక్తపరీక్ష అయ్యేదాకా గోధుమ మానేయకండి. ముందే మానేస్తే పరీక్షలో అసలు సంగతి బయటపడకపోవచ్చు.

ఇక షుగర్ లెక్క

మామూలు క్రిస్మస్ కేకు ఒకటి తీసుకుందాం. మైదా 225 గ్రాములు, బ్రౌన్ షుగర్ 225, వెన్న 225, గుడ్లు నాలుగైదు, ఎండుద్రాక్ష వగైరా ఎండు పళ్ళు 700 గ్రాములు. ఇప్పుడు పిండిపదార్థాలు కూడదాం. మైదా నుంచి సుమారు 165 గ్రాములు, చక్కెర నుంచి 220, ఎండు పళ్ళ నుంచి 490. మొత్తం 875. పదహారు ముక్కలు కోస్తే ముక్కకి 55 గ్రాములు. అంటే ఒక ముక్క కేకు దాదాపు 200 గ్రాముల వండిన అన్నంతో సమానం.

ఈ లెక్కలో వింత ఏమిటో గమనించారా? అందరం మైదానే దోషి అనుకుంటాం. కానీ మైదా వాటా అయిదో వంతు కూడా లేదు. సగానికి పైగా వచ్చేది ఎండు పళ్ళ నుంచే. ద్రాక్షలో నీరు పోయి చక్కెర మిగిలిందే ఎండుద్రాక్ష. వంద గ్రాముల్లో 65 నుంచి 70 గ్రాములు చక్కెరే. “చక్కెర వెయ్యలేదండీ, పళ్ళ తీపే” అని ఎవరైనా అంటే షుగర్ ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా ఎన్ని పళ్ళు వేశారో అడగాలి.

ఇప్పుడు మైదా తీసేసి, అదే బరువున గ్లూటెన్ లేని పిండి వేద్దాం. బియ్యం, బంగాళాదుంప, కర్రపెండలం పిండ్ల మిశ్రమాలవి. వంద గ్రాముల్లో సుమారు 80 గ్రాములు పిండిపదార్థమే. మొత్తం 875 కాస్తా 890 అవుతుంది. పిల్లకి కేకు వచ్చింది, నాన్నమ్మకి ఇంకో 15 గ్రాములు పెరిగింది! సూపర్‌మార్కెట్‌లో మా అమ్మాయి చదివిన అంకె వెనక ఉన్న రహస్యం ఇదే.

లేబుల్ చదివేటప్పుడు ఒక జాగ్రత్త. బ్రిటన్‌లో ‘కార్బోహైడ్రేట్’ అన్న అంకెలో పీచు కలవదు, దాన్ని విడిగా రాస్తారు. అమెరికా లేబుల్లో పీచు కూడా కలిపే రాస్తారు. అక్కడి వంటల పుస్తకం పట్టుకుని ఇక్కడి ప్యాకెట్లోంచి పీచు మళ్ళీ తీసేస్తే లెక్క తప్పుతుంది.

ఎవరి పని ఎవరు చేస్తారు?

నా వృత్తి సాఫ్ట్‌వేర్. పాత ప్రోగ్రాములోంచి ఒక భాగం తీసేయాలంటే ముందు అది ఏమేం పనులు చేస్తోందో చూడాలి. కేకుకీ అదే సూత్రం. మైదా, చక్కెర, ఎండు పళ్ళు ఒక్కొక్కటీ ఒకటి కంటే ఎక్కువ పనులు చేస్తున్నాయి.

మైదాలోని గ్లూటెన్ సాగే వలలా అల్లుకుని గాలి బుడగల్ని పట్టి ఉంచుతుంది, పళ్ళు అడుక్కి జారకుండా ఆపుతుంది. బాదంపొడిలో ఆ వల లేదు. అందుకని గుడ్లు కొంచెం ఎక్కువ వేస్తాం. గుడ్డులోని ప్రొటీను వేడికి గట్టిపడి కేకుని నిలబెడుతుంది. దానికి తోడుగా మన పాత చుట్టం ఇసబ్‌గోల్. నవ్వకండి. తాతగారు రాత్రిపూట గ్లాసులో కలుపుకుని తాగే ఆ పొట్టే. నీళ్ళు తగిలితే జిగురుగా ఉబ్బి, తుంపులైపోయే పిండిని కలిపి పట్టుకుంటుంది. తేమనీ వదలదు. అంతా పీచే కాబట్టి షుగర్ లెక్కలోకి రాదు.

చక్కెర తీపితో పాటు కేకుని మెత్తగా ఉంచుతుంది, రంగు తెస్తుంది, నిలవ ఉంచుతుంది. ఆవకాయలో ఉప్పు చేసే పని ఇక్కడ చక్కెర చేస్తుందన్నమాట. తీపికి ఎరిథ్రిటాల్ వాడుదాం. చక్కెర తీపిలో సుమారు 70 శాతం ఉంటుంది. చాలావరకు మూత్రంలో బయటికి పోతుంది, రక్తంలో చక్కెరని పెంచదు. కానీ ఇది చక్కెరలా మాడి గోధుమరంగుకి రాదు. మన బేకరీల్లో చక్కెర మాడ్చి పోసే ఆ నల్లటి రంగు కోసం కోకో పొడి, చిక్కటి టీ డికాక్షన్ వేస్తాం. గరుకుగా ఉన్నది వేస్తే చల్లారాక పలుకులు కట్టి పంటికింద కరకరలాడుతుంది కాబట్టి మిక్సీలో మెత్తగా పొడి చేయాలి.

ఎండు పళ్ళ స్థానంలో క్రాన్‌బెర్రీలు వేద్దాం. తాజావైనా ఫ్రీజరువైనా సరే. వంద గ్రాముల్లో చక్కెర నాలుగైదు గ్రాములే. ఎండబెట్టి ప్యాకెట్లలో అమ్మేవి మాత్రం వద్దు, వాటికి చక్కెర బాగా పట్టిస్తారు. పుల్లటి క్రాన్‌బెర్రీలు టీలో ఉడికి చిట్లితే ఎండుద్రాక్షలాగే జిగురుగా అవుతాయి. వాటితో పాటు 60 గ్రాముల ఎండుద్రాక్ష సన్నగా తరిగి వేస్తాం. తరగడం వల్ల కొంచెమే ఉన్నా ప్రతి ముక్కలోనూ తగులుతుంది. నారింజ తొక్క తురుము, దాల్చినచెక్క, జాజికాయ, లవంగం పడితే ముక్కుకి అది క్రిస్మస్ కేకే. వాసన కోసం పిండిపదార్థాలేమీ ఖర్చుపెట్టక్కర్లేదు.

కావలసినవి (20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్నుకి, 16 ముక్కలు)

మెత్తటి బాదంపొడి: 300 గ్రాములు
ఇసబ్‌గోల్ పొట్టు, పొడి చేసినది: 2 టీస్పూన్లు
గ్లూటెన్ లేని బేకింగ్ పౌడర్: 2 టీస్పూన్లు
ఉప్పు: పావు టీస్పూను
కోకో పొడి: 1 టేబుల్‌స్పూను
దాల్చినచెక్క పొడి: 2 టీస్పూన్లు
శొంఠిపొడి: అర టీస్పూను
జాజికాయ, ఏలకుల పొడి: పావు టీస్పూను చొప్పున
లవంగాల పొడి: రెండు చిటికెలు
వెన్న, మెత్తబడినది: 150 గ్రాములు
ఎరిథ్రిటాల్ పొడి: 150 గ్రాములు
గుడ్లు, పెద్దవి: 5
క్రాన్‌బెర్రీలు: 150 గ్రాములు
ఎండుద్రాక్ష: 60 గ్రాములు
చిక్కటి టీ డికాక్షన్, పాలు లేకుండా: 100 మిల్లీలీటర్లు
అక్రోట్లు: 80 గ్రాములు
పలుకులుగా తరిగిన బాదం: 60 గ్రాములు
రెండు నారింజల తొక్క తురుము, ఒక నిమ్మకాయ తొక్క తురుము
వెనిలా ఎసెన్స్: 1 టీస్పూను

చేసే విధానం

ముందుగా పళ్ళ సంగతి. చిన్న గిన్నెలో క్రాన్‌బెర్రీలు, తరిగిన ఎండుద్రాక్ష, డికాక్షన్, 30 గ్రాముల ఎరిథ్రిటాల్ వేసి సన్న సెగ మీద పెట్టండి. పది నిమిషాల్లో పళ్ళు టప్ టప్‌మని చిట్లుతాయి. పిల్లలకి ఈ చప్పుడు వినడం సరదా, కానీ పొయ్యికి కాస్త దూరంగా నిలబెట్టండి. నీరంతా ఇగిరి జామ్‌లా దగ్గరపడ్డాక దించి, నారింజ, నిమ్మ తురుములు కలిపి పూర్తిగా చల్లారనివ్వండి. వేడివేడిగా పిండిలో కలిపితే వెన్న కరిగిపోతుంది. దీన్ని ముందురోజు రాత్రే చేసుకుంటే ఇంకా మంచిది.

ఓవెన్‌ని 150 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేయండి. ఫ్యాన్ ఓవెన్ అయితే 135 నుంచి 140 చాలు. బాదంపొడికి మైదా కంటే తొందరగా రంగు వస్తుంది కాబట్టి సెగ తక్కువగా ఉండాలి. టిన్ను అడుగునా చుట్టూ బేకింగ్ పేపర్ పరవండి.

ఒక గిన్నెలో బాదంపొడి, ఇసబ్‌గోల్, బేకింగ్ పౌడర్, ఉప్పు, కోకో, మసాలా పొడులు వేసి ఉండలు లేకుండా కలపండి. ఇంకో పెద్ద గిన్నెలో వెన్న, మిగతా 120 గ్రాముల ఎరిథ్రిటాల్ వేసి తెల్లగా నురగలా అయ్యేదాకా బీటర్‌తో గిలకొట్టండి. గుడ్లు ఒక్కొక్కటే వేస్తూ కలపండి. మిశ్రమం విరిగినట్టు కనిపిస్తే కంగారుపడకుండా ఒక చెంచా బాదంపొడి వేస్తే సర్దుకుంటుంది. వెనిలా వేసి, పొడి మిశ్రమం కలిపి, చివర్న చల్లారిన పళ్ళు, అక్రోట్లు, బాదం పలుకులు వేసి గరిటెతో తిప్పండి. ఇంట్లో అందరూ తలా ఒకసారి తిప్పాల్సింది ఇక్కడే.

పిండిని పది నిమిషాలు అలా వదిలేయండి. ఇసబ్‌గోల్ తడి పీల్చుకుని పిండి చిక్కబడుతుంది. తర్వాత టిన్నులో వేసి పైన సమం చేసి ఓవెన్‌లో పెట్టండి. 35 నిమిషాలయ్యాక పైన ఫాయిల్ కప్పండి. మొత్తం గంట నుంచి గంటంబావు పడుతుంది. మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. పళ్ళ జిగురు అంటితే పరవాలేదు.

బయటికి తీశాక అసలు పరీక్ష మొదలవుతుంది, అదే ఓపిక. వేడిగా ఉన్నప్పుడు ఈ కేకు చాలా సున్నితం. టిన్నులోనే పూర్తిగా చల్లారాలి. మర్నాటికి మసాలాల వాసన లోపలిదాకా పట్టి రుచి బాగుంటుంది, ముక్కలు కూడా చక్కగా తెగుతాయి. మామూలు ఫ్రూట్ కేకులా నెలల తరబడి అలమరలో దాచడానికి మాత్రం వీల్లేదు. నిలవ ఉంచే చక్కెరా లేదు, బ్రాందీ లేదు. ఫ్రిజ్‌లో అయిదు రోజులు, ముక్కలు విడివిడిగా చుట్టి ఫ్రీజర్లో పెడితే రెండు నెలలు ఉంచుకోవచ్చు.

ఇప్పుడు కొత్త లెక్క

పీచు తీసేయగా బాదంపొడి నుంచి 30 గ్రాములు, ఎండుద్రాక్ష నుంచి 45, క్రాన్‌బెర్రీల నుంచి 13, అక్రోట్లు, బాదం పలుకుల నుంచి 12, మిగతావన్నీ కలిపి ఒక 8 లేదా 9. మొత్తం సుమారు 108 గ్రాములు. ముక్కకి 7 లోపే. మన ముక్క 75 గ్రాములుంటుంది, పాత కేకు ముక్క 100 గ్రాములు. న్యాయంగా సమాన బరువున పోల్చినా పాత కేకులో 41, దీంట్లో 7. ఎండుద్రాక్ష పూర్తిగా మానేస్తే 4కి దిగుతుంది. కానీ ఎండుద్రాక్ష తగలని ఫ్రూట్ కేకు ఫ్రూట్ కేకేనా? ఆ మూడు గ్రాములూ ఉంచుకోవచ్చని మా అమ్మే తీర్పు చెప్పింది.

అమ్మ ఇండియా నుంచి తెచ్చుకున్న మీటర్లో ముక్క తినకముందు 118, రెండు గంటల తర్వాత 131 వచ్చింది. ఇక్కడి మీటర్లు వేరే కొలతలో చూపిస్తాయి. ఆ అంకెని 18తో గుణిస్తే మన అంకె వస్తుంది, అంటే ఇక్కడి 7.8 మన 140. ఇది ఒక మనిషిది, ఒక రోజుది. మీ ఒంటి లెక్క మీ మీటరే చెప్పాలి.

కొన్ని హెచ్చరికలు

పిండిపదార్థాలు తక్కువ అన్నంత మాత్రాన ఎంతైనా తినొచ్చని కాదు. బాదం, వెన్న కలిసి ముక్కకి సుమారు 280 కేలరీలు ఉంటాయి. షుగర్‌కి ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు ఈ కేకు తిని భోజనం మానేయడం, డోసు సొంతంగా మార్చుకోవడం చేయకండి. షుగర్ మరీ పడిపోతే అది ఇంకా ప్రమాదం. డాక్టరుని అడగండి.

ఎరిథ్రిటాల్ ఒకేసారి ఎక్కువ తింటే కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతాయి. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయని 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అది సంబంధాన్ని చూపింది కానీ, కారణం ఇదేనని తేల్చలేదు. పైగా మన శరీరం కూడా దాన్ని కొంత తయారుచేసుకుంటుంది. అయినా దీన్ని పండగ కేకుగానే ఉంచుదాం, రోజూ టిఫిన్‌గా వద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడాలి. తీపి పొడుల ప్యాకెట్ మీద మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటే కొనకండి, అది రక్తంలో చక్కెరని పెంచుతుంది. కుక్కలున్న ఇళ్ళల్లో జైలిటాల్ జోలికి వెళ్ళకండి, కుక్కలకి అది విషం. ఎండుద్రాక్ష కూడా వాటికి పడదు కాబట్టి ఈ కేకు ముక్క వేయకూడదు.

ఇందులో గింజ పప్పులు నిండా ఉన్నాయి. ఇక్కడ చాలా స్కూళ్ళలో వాటిని తేనివ్వరు. లంచ్ బాక్సులో పెట్టకండి, ఇంటికొచ్చే పిల్లలకి అలర్జీ ఉందేమో అడిగి పెట్టండి.

సీలియాక్ ఉన్నవారి కోసం చేస్తుంటే గిన్నెల సంగతి కూడా చూసుకోవాలి. చపాతీపిండి జల్లించే జల్లెడ ఎంత కడిగినా సందుల్లో పిండి ఉంటుంది. చెక్క గరిటెలూ అంతే. వాటిని విడిగా ఉంచుకోండి. మా ఇంట్లో ఆకుపచ్చ టేపు అంటించినవి పిల్లవి. వాటి కాపలా బాధ్యత మా అమ్మది. ఇప్పుడు ఆవిడ కంటే కఠినమైన ఇన్‌స్పెక్టర్ ఈ ఊళ్ళో లేరు.

పిల్లలకో ప్రయోగం

గ్లూటెన్‌ని కంటితో చూస్తారా? సీలియాక్ ఉన్నవాళ్ళు లేని ఇంట్లో, పెద్దవాళ్ళని పక్కన పెట్టుకుని చేయండి. అర కప్పు మైదాలో నీళ్ళు పోసి గట్టి ముద్ద చేసి, అయిదు నిమిషాలు బాగా పిసికి, అరగంట నాననివ్వండి. తర్వాత ఆ ముద్దని గిన్నెడు నీళ్ళలో మెల్లగా పిసుకుతూ కడగండి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. పారబోసి మళ్ళీ మళ్ళీ కడగండి. నీళ్ళు తేటపడేసరికి చేతిలో చూయింగ్ గమ్‌లా సాగే చిన్న ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్! నీళ్ళలో పోయింది పిండిపదార్థం. ఇప్పుడు బియ్యప్పిండితో అదే చేయండి. ముద్ద కరిగిపోయి చేతిలో ఏమీ మిగలదు. మా అమ్మాయి దీన్ని చూసి ఒక్క మాటలో తేల్చేసింది. “చేతిలో మిగిలింది నా శత్రువు, నీళ్ళలో పోయింది నాన్నమ్మ శత్రువు.” నేను ఇన్ని పేజీల్లో చెప్పింది ఇదే.

ఈ కేకు చేసిన రోజు మా అమ్మ తన ప్లేటులోంచి ఒక తునక తుంచి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ మనవరాలి నోట్లో పెట్టింది. ఎవరూ లేబుల్ చదవలేదు.

వచ్చే సంచికలో సంక్రాంతి అరిసెల పని పడదాం. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి. అందులో గ్లూటెన్ ఎంత, పిండిపదార్థాలు ఎంత? పిల్లలూ, ఆలోపు మీరే లెక్క కట్టి ఉంచండి. అందరికీ క్రిస్మస్, నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు.